ఎవరూ ముట్టుకోలేదు సిస్టర్

పోయిన నెల ఒక మంగళవారం, ఆఫీసు క్యాంటీన్లో రాజ్మా చావల్ ప్లేటు ముందు కూర్చుని ఉండగా మాస్టర్జీ ఫోన్ చేశారు. మాస్టర్జీ అంటే నోయిడాలో నేను మొదట ఉద్యోగం చేసిన బట్టల ఎగుమతి ఫ్యాక్టరీలో ఎంబ్రాయిడరీ డిజైన్లు తయారుచేసే పెద్దాయన. ఆయనది బరేలీ వైపు, నాది అనకాపల్లి. "బేటా, సిస్టర్‌జీ పోయారు," అన్నారు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అయ్యో కాదు. "ఎప్పటి నుంచి? అంతకు ముందు ఏం జరిగింది?" అని అడిగాను. అడిగాక నాలిక కరుచుకున్నాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు, దాని వెనకే నవ్వు వినిపించాయి. "మూడోది కూడా అడిగెయ్," అన్నారు మాస్టర్జీ. ఆ మూడోది ఇద్దరం కలిసి అన్నాం: "ఎవరు ముట్టుకున్నారు?" పక్క టేబుల్ వాళ్ళు తినడం ఆపి నా వైపు చూశారు. చావు కబురు విని పగలబడి నవ్వే మనిషిని వాళ్ళు అంతకు ముందు చూసి ఉండరు.

ఆ మూడు ప్రశ్నలూ సిస్టర్‌వి. ఆవిడని అసలు పేరుతో పిలిచినవాళ్ళని నేను చూడలేదు. సొసైటీ గేటు దగ్గర గార్డుకీ, కూరగాయల బండి భయ్యాకీ, నోయిడాలో తెలుగు సాఫ్ట్‌వేర్ పిల్లల్లో సగం మందికీ ఆవిడ సిస్టరే. నర్సాపురం దగ్గర నుంచి ఢిల్లీ ఆస్పత్రికి నర్సుగా వచ్చింది. అక్కడికి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ట్రైనింగుకి వెళ్ళమంటే డాక్టర్లు తప్పించుకున్నారు, గుమాస్తాలు తప్పించుకున్నారు, చివరికి అప్పుడే డ్యూటీ దిగిన ఈవిడని బస్సెక్కించారు. రిటైరయ్యే నాటికి ఆ ఆస్పత్రి కంప్యూటర్లన్నిటికీ ఆవిడే పెద్ద దిక్కు. ఉద్యోగం మారిందని మాత్రం ఆవిడ ఎప్పుడూ ఒప్పుకోలేదు. వార్డు మారిందనేది.

కంప్యూటర్ పాడైందంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "నలతగా ఉందను," అనేది. మూత విప్పే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. కాటన్ చీర మీద స్పోర్ట్స్ బూట్లు, చలికాలమైతే పైన మగవాళ్ళ స్వెటరు, భుజం దగ్గర తలకిందులుగా పిన్ను పెట్టిన నర్సు వాచీ. పెట్టె మీద అరచెయ్యి వేసి, ఆ వాచీ చూస్తూ నిమిషం పాటు కదలకుండా నిలబడేది. ఏం తెలుస్తుందని ఒకసారి అడిగాను. "నాకేం తెలీదు అబ్బాయ్. చుట్టుపక్కల వాళ్ళు నోరు మూసుకుంటారు," అంది.

ఆవిడ సామాన్లు ఒక నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్లో ఉండేవి. పై గిన్నెలో స్క్రూడ్రైవర్లు, రెండో దాంట్లో కేబుళ్ళు, మూడో దాంట్లో పెన్‌డ్రైవులు, అడుగు గిన్నెలో గోంగూర. మెట్రో స్టేషన్లో తనిఖీ చేసే అతను పై గిన్నె తీసి కళ్ళెర్రజేస్తే ఆవిడ తొణక్కుండా అడుగు గిన్నె తీసి ముక్కు దగ్గర పెట్టేది. "ఆస్పత్రి సామాను నాయనా. ఇది మందు," అని హిందీలో చెప్పేది. ఆవిడ హిందీకి గోదావరి యాస ఉండేది. అతను ఇంకో మాట అనకుండా పంపేసేవాడు.

చూసిన ప్రతి మెషీనుకీ కేసు షీటు రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాని వెనక కేబులుకి దారంతో కట్టేది. ఫిర్యాదు, చరిత్ర, పరీక్ష, చికిత్స. అన్నిటికన్నా పెద్ద గడి చరిత్రదే. ఫోన్లోనైనా, ఎదురుగానైనా ఆ మూడు ప్రశ్నలు అయ్యేదాకా ఆవిడ మెషీను వంక చూసేది కాదు. మొదటి రెండింటికీ జనం ఏదో ఒకటి చెప్పేవారు. మూడోదానికి మాత్రం అందరిదీ ఒకటే జవాబు. "ఎవరూ ముట్టుకోలేదు సిస్టర్." ఆవిడ తల ఊపి, "ఇన్నేళ్ళలో నేను చూసిన మెషీన్లన్నీ అంతే. ఎవరూ ముట్టుకోకుండానే మంచాన పడ్డాయి," అనేది. "పేషెంటు అబద్ధం ఆడడు అబ్బాయ్, చుట్టాలు ఆడతారు" అన్నది ఆవిడ సిద్ధాంతం.

ఆ చుట్టాల్లో నేనూ ఒకణ్ణి.

ఫ్యాక్టరీలో చేరి నలభై రోజులైంది. కంప్యూటర్ల విభాగం అని బోర్డున్న గదిలో నేనొక్కణ్ణే, అదీ ప్రొబేషన్ మీద. పక్కనే డిజైన్ గది. అందులో మూల ఒక పాత కంప్యూటర్, తొమ్మిదేళ్ళుగా ఆపకుండా నడుస్తున్నది. కరెంటు పోతే ఇన్వర్టరు, ఇన్వర్టరు పోతే జనరేటరు. ఫ్యాక్టరీ నుంచి విదేశాలకి వెళ్ళే కుర్తీల మీద పువ్వులూ, తీగలూ, నెమళ్ళూ అన్నీ మాస్టర్జీ కాగితం మీద గీసి, సూది ఎక్కడ దిగాలో ఎక్కడ లేవాలో కుట్టు కుట్టుగా అందులోకి ఎక్కించినవే. ఆ పాత సాఫ్ట్‌వేర్ ఇంకే కంప్యూటర్ మీదా నడవదు. మాస్టర్జీ పొద్దున్నే వచ్చి దాని తెరని తన రుమాలుతో తుడిచి, తర్వాత అదే రుమాలుతో కళ్ళజోడు తుడుచుకునేవారు.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఇక్కడి ఫ్యాక్టరీల్లో ఆ రోజు మెషీన్లు నడపరు, పూజ చేసి లడ్డూలు పంచుతారు. నాకు మా ఊరి దసరా గుర్తొచ్చి ఒళ్ళు తెలియలేదు. మా నాన్నగారి సైకిలు షాపులో ఆయుధ పూజనాడు పానా కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు. కుట్టు మెషీన్లన్నిటికీ విశ్రాంతి ఇచ్చి ఈ ముసలి కంప్యూటర్‌కి ఇవ్వకపోవడం నాకు అన్యాయమనిపించింది. అందరూ లడ్డూల దగ్గర ఉండగా దాన్ని పద్ధతిగా షట్‌డౌన్ చేశాను. గోడ స్విచ్చి కట్టేశాను. బంతిపూల దండ వెనక నుంచి తిప్పి కట్టడానికి అడ్డంగా ఉందని ప్లగ్గు కూడా పీకేశాను. పసుపూ కుంకుమా పెట్టి, దండం పెట్టుకుని, చాలా మంచి పని చేశానన్న తృప్తితో ఇంటికి వెళ్ళాను.

మర్నాడు అది లేవలేదు. కంపెనీ బొమ్మ వస్తుంది, చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, కళ్ళు మూసి తెరిచేంతలో నీలం తెర మెరుస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. మళ్ళీ బొమ్మ, మళ్ళీ చుక్కలు, మళ్ళీ నీలం. నేను వెళ్ళేసరికి ప్లగ్గు పెట్టే ఉంది. మాస్టర్జీ స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దాన్నే చూస్తున్నారు. మేనేజరు మరమ్మతుల కాంట్రాక్టు ఇంజినీరుకి కబురు పెట్టి, "దీన్ని ఎవడు కెలికాడో తెలిస్తే ఈ రోజే ఇంటికి పంపుతా," అని గది మధ్యలో నిలబడి ప్రకటించాడు. నేను చాలా శ్రద్ధగా నేల వైపు చూశాను.

ఇంజినీరు వచ్చి గంటసేపు ఏదో చేసి, చేతులు దులుపుకున్నాడు. "డిస్క్ గయా. ఫార్మాట్ చేసి అంతా కొత్తగా ఎక్కించాల్సిందే," అన్నాడు. ఫార్మాట్ అంటే లోపల ఉన్నదంతా తుడిచేయడమే. మాస్టర్జీకి ఇంగ్లీషు రాకపోయినా ఆ ఒక్క మాటా అర్థమైంది. "నా చేతులు అందులోనే ఉన్నాయి సాబ్," అన్నారు మేనేజరుతో. ఇప్పుడు కళ్ళు ఆనక ఆయన మళ్ళీ అవన్నీ గీయలేరు. గీయలేని మనిషిని ఫ్యాక్టరీ ఉంచుకోదు.

నేనుండే పీజీలో గోడ మీద తెలుగు పిల్లలు రెండు నంబర్లు రాసిపెట్టుకున్నారు. ఒకటి గ్యాస్ సిలిండర్‌ది, రెండోది సిస్టర్‌ది. వెనక మెట్ల మీదికి వెళ్ళి ఆ రెండోదానికి ఫోన్ చేశాను.

"ఎప్పటి నుంచి?"

"పొద్దుట నుంచండి."

"అంతకు ముందు ఏం జరిగింది?"

"పూజ జరిగిందండి."

"ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ ముట్టుకోలేదు సిస్టర్."

"అయితే సీరియస్సే," అంది. "వస్తున్నా. అప్పటి దాకా ఆ ఇంజినీర్ని మౌస్ ముట్టుకోనివ్వకు. ఏదైనా తినిపించు."

ఇంజినీరుకి ఛోలే భటూరే తెప్పించాను. అయిపోయాక ఇంకో ప్లేటు. తర్వాత లస్సీ. మీలాంటి అతిథులు మాకు దొరకరన్నట్టు వడ్డించాను. ఆయన మూడో భటూరా దగ్గర బెల్టు వదులు చేసుకుంటూండగా క్యారియర్ పట్టుకుని సిస్టర్ ఆటో దిగింది.

చేతులు కడుక్కుంది. నీలం తెర చదవడానికి అందదు కదా, అందుకని ఫోన్‌తో వీడియో తీసి, ఆపి, కళ్ళజోడు పైకెత్తి చదివింది. "పాపం నోరు తెరిచి చెప్పుకుంటున్నాడు, మీరెవరూ చదవలేదు," అంది. "నేను లేవడానికి కావలసిన డిస్కు నాకు అందడం లేదు అంటున్నాడు. డిస్కు పోయిందని అనలేదు."

"రెండూ ఒకటే మేడమ్," అన్నాడు ఇంజినీరు సోఫాలోంచి.

"ఐసీయూ తలుపు తెరుచుకోకపోతే లోపల పేషెంటు పోయినట్టా నాయనా?" అని, మెషీను లేచే ముందు వచ్చే సెట్టింగుల తెర తెరిచింది. అక్కడ ఏదో చూసి హూ అంది. తర్వాత ఒక పరదా కావాలంది. బట్టల ఫ్యాక్టరీలో పరదాకి కొదవేముంది. ఎగుమతికి సిద్ధంగా ఉన్న గులాబీ రంగు తానులోంచి అయిదు మీటర్లు లాగి గది మూల తాడు మీద వేశాం. "ఒక్కొక్కరే లోపలికి రండి. చరిత్ర రాసుకోవాలి," అంది. మా మేనేజరు పెద్ద మాటకారి. వాదించడానికి నోరు తెరిచాడు. ఆవిడ వాచీ చూసుకుంది. ఆయన నోరు మూసేశాడు.

మాస్టర్జీ ముందు వెళ్ళి రెండు నిమిషాల్లో బయటికి వచ్చారు. ఇంజినీరు వెళ్ళి ఒక్క నిమిషంలో వచ్చాడు. మేనేజరు మాత్రం పావుగంట ఉన్నాడు, వచ్చేటప్పుడు చొక్కా కాలరు తడిసి ఉంది. నేను చివర.

గులాబీ పరదా వెనక సిస్టర్ ఏమీ అడగలేదు. కేసు షీటు మీద గీతలు గీస్తూ తనే మాట్లాడింది. "ఇతని గడియారం పదేళ్ళు వెనక్కి పోయింది. బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, కరెంటు లేనప్పుడు గడియారాన్నీ సెట్టింగుల్నీ అదే మోస్తుంది. అది చచ్చి చాలా కాలమైంది. గోడ కరెంటు ఉన్నన్నాళ్ళూ ఎవరికీ తెలీలేదు. నిన్న ఆ కరెంటు నిజంగానే పోయి సెట్టింగులు మరిచిపోయాడా, లేకపోతే ఇంకేదైనానా? అది తెలిస్తే మందు నేను వేస్తాను. తెలియకపోతే ఆ భోంచేస్తున్నాయన వేస్తాడు."

పరదా సందులోంచి మాస్టర్జీ కనిపిస్తున్నారు. ఫార్మాట్ అన్న మాట విన్నప్పటి నుంచీ ఆయన మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. ఉద్యోగం పోతే అనకాపల్లి వెళ్ళి ఏం చెప్పాలో కూడా ఆలోచించాను. అయినా ఆ మనిషి అలా కూర్చుని ఉంటే నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు.

"నేనే సిస్టర్. రోజంతా కట్టేశాను. ప్లగ్గు కూడా పీకాను."

ఆవిడ రాసుకుంది. "దండ వేశావా?"

"వేశానండి."

"బంతిపూలా?"

"అవునండి."

"ఒక రేకు ఫ్యానులో ఇరుక్కుంది, తీసేశాను," అని ఇంకో గీత గీసింది. మేనేజరుకి చెప్తారా అని అడిగాను. ఆవిడ నా వంక వింతగా చూసింది. "చరిత్ర బయటికి చెప్తే రేపు ఇంకో పేషెంటు చుట్టాలు నాకు నిజం చెప్తారా? వెళ్ళి నీళ్ళు తాగు."

తర్వాత అందరినీ పిలిచి జబ్బు ఏమిటో చెప్పింది, ఎవరి వల్లో మాత్రం చెప్పలేదు. డిస్కు గుమ్మం దగ్గర కంట్రోలర్ అనే చిప్పు ఉంటుంది. దానితో మాట్లాడటానికి డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. చిప్పు మూడు రకాలుగా పనిచేయగలదు, ఒక్కో రకానికి ఒక్కో డ్రైవర్. తొమ్మిదేళ్ళ కిందట ఎవరో ఒక రకం ఎంచారు. సెట్టింగులు మరిచిపోగానే బోర్డు తనకి పుట్టుకతో వచ్చిన రకానికి మారిపోయింది. "పేషెంటు లోపల బాగానే ఉన్నాడు," అంది సిస్టర్. "గది తాళం మారింది. డ్యూటీ చార్టులో ఉన్న నర్సు దగ్గర కొత్త తాళంచెవి లేదు. తాళంచెవి ఉన్న నర్సు డ్యూటీలో లేదు. అందుకని నీలం తెర వేసి ఏడుస్తున్నాడు."

పాత రకం ఏదో ఎవరికీ గుర్తులేదు. రెండో రకం పెట్టింది. చుక్కలు తిరిగాయి, నీలం. మూడోది పెట్టింది. చుక్కలు ఇంకాస్త ఎక్కువసేపు తిరిగాయి. మాస్టర్జీ స్టూలు మీంచి లేచారు. నీలం.

సిస్టర్ మాత్రం మెషీను వంక చూడలేదు. సోఫా వంక చూసింది. "ఇంకోసారి లోపలికి రండి ఇంజినీర్ సాబ్. తమరు పొద్దున్నే ఏదో మందు వేసినట్టున్నారు." ఆయన వెళ్ళాడు. రహస్యం చెప్పడానికే వెళ్ళాడు కానీ, రెండు ప్లేట్ల ఛోలే భటూరే తిన్న మనిషికి గుసగుస చేతకాదు. పొద్దున పెన్‌డ్రైవులోంచి ఇంకా కొత్త డ్రైవరు ఒకటి తెచ్చి పాతదాని స్థానంలో ఎక్కించానని చెప్పడం గదంతా వినిపించింది. కొత్తది మంచిదనుకున్నాడట.

సిస్టర్ పరదా తోసుకుని బయటికి వచ్చి మెషీను మళ్ళీ మొదలుపెట్టింది, బొమ్మ రాగానే ఒక మీట టకటకా నొక్కింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాల జాబితా వచ్చింది. అందులో ఒక వరుస మీద వేలు పెట్టి నాకు చూపించింది. చివరిసారి బాగా నడిచినప్పటి అమరికతో మొదలుపెట్టు అని దానర్థం. "ఇంతకంటే మంచి మాట ఏ డాక్టరూ రాయలేదు అబ్బాయ్. మా బోటివాళ్ళకి కూడా దేవుడు ఇలాంటి మీట ఒకటి పెడితే బావుణ్ణు," అని నొక్కింది.

చుక్కలు తిరిగాయి. తిరిగాయి. తెర మీద నెమలి వచ్చింది. మాస్టర్జీ వాల్‌పేపర్‌గా పెట్టుకున్న నెమలి, తోకలో రెండు వందల కళ్ళు. మాస్టర్జీ దానికి నమస్కారం పెట్టి, సిస్టర్‌కి నమస్కారం పెట్టి, కంగారులో ఇంజినీరుకి కూడా పెట్టారు. కుట్టు మెషీన్ల దగ్గరి ఆడవాళ్ళు చప్పట్లు కొడుతుంటే నేను పరదాలో మొహం దాచుకుని ఏడ్చాను. నవ్వాను కూడా.

ఇంతలో సిస్టర్ మేనేజరుని కారు తాళంచెవి అడిగింది. బయటి నుంచి ఏదైనా తెప్పించడానికేమో అనుకుని ఇచ్చాడు. ఆవిడ దాన్ని గోరుతో విప్పి, లోపల బిళ్ళ బ్యాటరీ తీసి, మెషీను ఆపి బోర్డుకి పెట్టేసింది. సరిగ్గా సరిపోయింది. సెట్టింగులు సరిచేసి, కేసు షీటులో రాసి, మళ్ళీ లేపి చూసి, అప్పుడు టీ అడిగింది. మెషీను లేవనిదే టీ తాగదు ఆవిడ. ఆ సాయంత్రం మేనేజరు కారు తలుపు తాళంచెవి తిప్పి తెరిస్తే అలారం మొదలై, సెక్టారు సెక్టారంతా వినేలా అరగంట మోగింది. బాల్కనీలో టీ తాగుతూ మేమంతా చూశాం.

ఆ తర్వాత ఆరేళ్ళలో ఆవిడతో ఎన్ని చోట్లకి తిరిగానో. అదే క్యారియర్, అదే చేతులు కడుక్కోవడం, అవే ప్రశ్నలు, అదే జవాబు. పోయిన చలికాలం ఆవిడే ఆస్పత్రిలో చేరింది, సుగరు పెరిగి. చూడటానికి వెళితే కుర్ర డాక్టరు చరిత్ర అడుగుతున్నాడు. నిన్న తీపి ఏమైనా తిన్నారా అన్నాడు. "ఏమీ ముట్టుకోలేదు డాక్టర్," అంది సిస్టర్, కళ్ళు కూడా ఆర్పకుండా. ముందురోజు సాయంత్రం జిలేబీలు తెచ్చిపెట్టింది నేనే. డాక్టరు వెళ్ళాక నేను చూసిన చూపుకి ఆవిడ దుప్పటి మొహం మీదికి లాక్కుని, "పేషెంట్లు కూడా ఆడతారు అబ్బాయ్. సిద్ధాంతం మార్చుకోవాలి," అంది. దుప్పటి కింద నుంచి చాలాసేపు నవ్వు వినిపించింది.

మాస్టర్జీ ఫోన్ చేశాక వచ్చిన ఆదివారం చర్చి హాల్లో జ్ఞాపకార్థ కూటం పెట్టారు. మాస్టర్జీని నేనే తీసుకెళ్ళాను. ఇప్పుడు ఆయనకి చెయ్యి పట్టుకుంటేగానీ మెట్లు కనపడవు. ఒక పక్క వరసల్లో నర్సులు, ఇంకో పక్క వరసల్లో మెడలో ఆఫీసు ట్యాగులున్న కంప్యూటర్ల జనం. మా పాత మేనేజరు కూడా వెనక ఎక్కడో కూర్చున్నాడు, ఇప్పుడు వేరే కంపెనీలో పెద్ద పదవిలో ఉన్నాడు. నర్సులు ఒక్కొక్కరే లేచి ఆవిడ గురించి చెప్పారు, పాడారు, ఏడ్చారు. తర్వాత పాస్టరుగారు మా వైపు తిరిగి, "మీకు కూడా ఆమె ఎంతో సహాయం చేశారని విన్నాను. ఎవరైనా రెండు మాటలు చెప్తారా?" అన్నారు.

ఎవరూ లేవలేదు. అందరూ తెగ శ్రద్ధగా నేల వైపు చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు. సిస్టర్ ఏం బాగుచేసిందో చెప్పాలంటే తామేం చెడగొట్టారో ముందు చెప్పాలి. వంద మంది ఉన్నారు. పాస్టరుగారి మొహం చిన్నబోయింది. ఇంతమందిలో ఒక్కరికీ ఆమె మీద ప్రేమ లేదనుకున్నారేమో. అది నేను భరించలేకపోయాను.

లేచి మైకు దగ్గరికి వెళ్ళాను. మాస్టర్జీకి అర్థం కావాలని హిందీలోనే చెప్పాను. "ఆరేళ్ళ కిందట పూజ రోజున డిజైన్ గదిలో కంప్యూటర్ స్విచ్చి కట్టేసింది నేనే. సిస్టర్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. మాస్టర్జీ, మీ డిజైన్లన్నీ నా వల్ల పోబోయాయి." మాస్టర్జీ మొహం నాకు సరిగ్గా కనపడలేదు.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. మేనేజరు లేచాడు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది. "ఆ డిజైన్లకి బ్యాకప్ తీశామని రిజిస్టర్లో ప్రతి నెలా సంతకం పెట్టింది నేను. తొమ్మిదేళ్ళు. ఒక్కసారి కూడా తియ్యలేదు. సిస్టర్‌కి ఆ మాట చెప్పడానికి నాకు పావుగంట పట్టింది," అన్నాడు. కంప్యూటర్ల జనంలో ఎవరో మూలనుంచి "మేమూ తియ్యలేదు సార్," అన్నారు. హాలు గొల్లుమంది. పాస్టరుగారికి ఏమీ అర్థం కాకపోయినా ఆయనా నవ్వారు.

మాస్టర్జీ చెయ్యి చాపారు, నేను వెళ్ళి లేపాను. నా మణికట్టు గట్టిగా పట్టుకుని మైకు దాకా నడిచారు. "ఆ పొద్దున అందరికంటే ముందు వచ్చింది నేను," అన్నారు. "ప్లగ్గు పెట్టాను. లేవలేదు. కోపం వచ్చింది. కొట్టాను. రెండుసార్లు. తొమ్మిదేళ్ళు నాకు అన్నం పెట్టినదాన్ని. సిస్టర్‌జీ అడిగితే ఎవరూ ముట్టుకోలేదని చెప్పాను. పెట్టె పక్కన పూజ కుంకుమలో నా అయిదు వేళ్ళూ అచ్చుపడి ఉన్నాయి. ఆమె నా చెయ్యి చూసింది, పెట్టె చూసింది. తడిగుడ్డ తెచ్చి ముందు నా చెయ్యి తుడిచింది, తర్వాత దాన్ని తుడిచింది."

ఆయన నవ్వుతున్నారు, కళ్ళు మాత్రం కారిపోతున్నాయి. నా మణికట్టు వదల్లేదు. నా మీద కోపమొచ్చిందేమోనని ఆయన మొహంలోకి చూశాను. కోపం ఏ మూలా లేదు. ఆరేళ్ళుగా నేను మోస్తున్నది ఒక్క నిమిషంలో దిగిపోయింది. ఆవిడ ఇక లేదన్న సంగతి కూడా నాకు అప్పుడే నిజంగా తెలిసింది.

మేము వెనక్కి తిరిగేసరికి కుర్చీల మధ్య మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. పాస్టరుగారు భోజనాలు ఆలస్యమవుతాయని వంటవాళ్ళకి కబురు పంపుతున్నారు. మెడలో ట్యాగున్న ఒకమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయేమో, నా మోచెయ్యి తట్టి చిన్న గొంతుతో అడిగింది.

"అన్నా, సర్వర్ మీద టీ పోసినవాళ్ళు కూడా ఈ లైనేనా?"

"ఇదేనమ్మా," అన్నాను. "నిలబడు."